ఈఎంఐ ఒక్కటీ తప్పలేదు, కొత్త లోన్ లేదు... మరి సిబిల్ స్కోరు 53 పాయింట్లు ఎందుకు పడింది?

మీరు రాసింది ముందు ఒకసారి చెప్పుకుందాం. సిబిల్ సైటులో పోయిన నెల 791 ఉన్న స్కోరు ఈ నెల 738 అయింది. ఈఎంఐలు, కార్డు బిల్లులు అన్నీ గడువులోపే కట్టారు. కొత్త లోన్ తీసుకోలేదు సరికదా, ఉన్న ఒక్క బండి లోన్ కూడా తీర్చేశారు. కార్డులు రెండున్నాయి, అందులో ఒకటి చాలాకాలంగా వాడటం లేదు. వాడే కార్డు మీద పోయిన నెల లాప్‌టాప్, ఫ్రిజ్ కొన్నారు. ఇంకో యాప్‌లో చూస్తే స్కోరు 764 అంటోంది. నాలుగు నెలల్లో హోమ్ లోన్‌కి వెళ్లాలి, అందుకే టెన్షన్.

బ్యాంకులో రిటైల్ లోన్ల ఫైళ్లు చూడటం నా పని. "సార్, నేను ఏమీ చేయలేదు, స్కోరు దానంతటదే తగ్గిపోయింది" అనే మాట తరచూ వింటాను. దానంతటది తగ్గదండీ. ఏదో ఒక అకౌంటు వరుసలో ఏదో ఒక గడి మారి ఉంటుంది, లేదా లెక్క కట్టే పద్ధతే వేరై ఉంటుంది. స్కోరు అంటే పరీక్షలో వచ్చిన మొత్తం మార్కుల్లాంటిది, ఏ సబ్జెక్టులో పోయాయో తెలియాలంటే మార్కుల జాబితా చూడాలి. ఆ జాబితా పేరే క్రెడిట్ రిపోర్టు. చాలామంది నెలనెలా స్కోరు చూసుకుంటారు, రిపోర్టు మాత్రం తెరవరు. మీరు కూడా ప్రశ్నలో మూడు స్కోర్లు రాశారు గానీ రిపోర్టులో ఏముందో ఒక్క ముక్క రాయలేదు.

ముందు ఆ 764, 738 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది సమస్యే కాదు. మన దేశంలో ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న క్రెడిట్ బ్యూరోలు, అంటే మన అప్పుల వివరాలు సేకరించి స్కోరు లెక్కగట్టే సంస్థలు, నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హై మార్క్. నాలుగూ 300 నుంచి 900 మధ్యే స్కోరు ఇస్తాయి, కానీ నాలుగింటి లెక్కలు వేర్వేరు. మనకు అలవాటైపోయి అన్నింటినీ 'సిబిల్' అనేస్తాం. ఉచితంగా స్కోరు చూపించే యాప్‌లలో చాలావాటి వెనక ఉండేది సిబిల్ కాదు, వేరే బ్యూరో. స్కోరు కింద చిన్న అక్షరాల్లో బ్యూరో పేరు, తేదీ ఉంటాయి, చూడండి. పోయిన నెల ఒక యాప్‌లోనూ ఈ నెల ఇంకో యాప్‌లోనూ చూసి "పడిపోయింది" అనుకునేవాళ్లు బోలెడుమంది. ఒకే బ్యూరోలో కూడా స్కోరింగ్ మోడల్‌కి వెర్షన్లు ఉంటాయి. కొత్త వెర్షన్‌కి మారినప్పుడు మీ లావాదేవీల్లో ఏ తేడా లేకపోయినా అంకె అటూఇటూ అవుతుంది. కాబట్టి పోల్చేటప్పుడు ఒకే బ్యూరో, ఒకే చోటు. మీ 791, 738 రెండూ సిబిల్ సైటులోనే చూశారని రాశారు కాబట్టి తేడా నిజమైనదే. 764ని ఇక పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అసలు విషయం. బ్యూరో మీ బ్యాంకు అకౌంటులోకి తొంగి చూడదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపిన వివరాలే దానికి తెలుసు. ఇదివరకు ఇవి నెలకోసారి వెళ్లేవి. 2025 జనవరి 1 నుంచి కనీసం పక్షానికోసారి, అంటే 15వ తేదీ నాటికి ఒకసారి, నెలాఖరు నాటికి ఒకసారి పంపాలని ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. ఆ తేదీ తర్వాత పంపడానికి బ్యాంకుకు ఏడు రోజులు, దాన్ని ఎక్కించడానికి బ్యూరోకి ఐదు రోజులు గడువు. అంటే మీరు ఇవాళ చూస్తున్న స్కోరు ఇవాళ్టి మీ పరిస్థితి కాదు. రెండు వారాల కిందటి ఫొటో అనుకోవచ్చు. పైగా మీ అకౌంట్లన్నీ ఒకే రోజు ఫొటో దిగవు. ఒక బ్యాంకు వివరాలు కొత్తవి, ఇంకో కంపెనీవి పాతవి, రెండూ కలిపి వేసిన లెక్క అది.

ఈ ఫొటో విషయం అర్థమైతే మీ కార్డు కథ అర్థమవుతుంది. మీరు అంకెలు ఇవ్వలేదు కాబట్టి నేనే ఊహించి చెబుతున్నాను, మీవి వేసుకుని చూసుకోండి. వాడే కార్డు లిమిట్ 1,20,000 అనుకుందాం. స్టేట్‌మెంట్ 12వ తేదీన వస్తుంది, గడువు తరువాతి నెల 2వ తేదీ. లాప్‌టాప్, ఫ్రిజ్ అన్నీ కలిపి 84,000 బిల్లు వచ్చింది. మీరు బుద్ధిగా 1వ తేదీన మొత్తం కట్టేశారు. ఒక్క రూపాయి వడ్డీ పడలేదు. కానీ 15వ తేదీ ఫొటోలో బాకీ 84,000. నెలాఖరు ఫొటోలోనూ 84,000. మీరు కట్టిన సంగతి కనబడేది ఆ తరువాతి 15వ తేదీ ఫొటోలో. అంటే మీరు ఆలస్యం చేయకపోయినా నెల రోజుల పాటు బ్యూరో కంటికి మీరు లిమిట్‌లో 70 శాతం వాడేసిన మనిషి. కార్డు బిల్లు టైముకి కట్టడం వేరు, ఫొటో తీసే రోజున బాకీ ఎంత ఉందన్నది వేరు. మొదటిది చెల్లింపుల చరిత్ర కింద లెక్కకి వస్తుంది, రెండోది వాడకం కింద. మొదటిదాంట్లో మీకు పూర్తి మార్కులు వచ్చినా రెండోదాంట్లో పోవచ్చు.

మీ రెండో కార్డు సంగతి కూడా ఇక్కడే చూడాలి. దాని లిమిట్ 1,80,000 అనుకోండి. రెండూ కలిపితే 3,00,000 మీద 84,000, అంటే 28 శాతం. అంత భయపడాల్సిందేమీ లేదు. కానీ ఏడాదికి పైగా వాడని కార్డును, ముందు మీకు తెలియజేసి, 30 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే మూసేయమని ఆర్‌బీఐ కార్డుల నిబంధనల్లోనే ఉంది. ఆ మెసేజ్ వచ్చి ఉంటుంది, మీరు ప్రమోషన్ అనుకుని చూసి ఉండరు. ఆ కార్డు మూతపడితే మొత్తం లిమిట్ 1,20,000కి పడిపోతుంది, అదే 84,000 ఒక్కసారిగా 70 శాతం అవుతుంది. మీరు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు, అయినా వాడకం శాతం రెండున్నర రెట్లు అయింది. బ్యాంకు కార్డును మూసేయకుండా లిమిట్ తగ్గించినా ఇదే ఫలితం. నా అనుమానాల్లో ఇది మొదటిది.

ఈ 30 శాతం గీత గురించి ఒక మాట. "30 శాతం దాటితే స్కోరు పోయినట్టే" అని వీడియోల్లో చెప్పేస్తుంటారు. 29 దగ్గర మంచి, 31 దగ్గర చెడు అన్నట్టు గోడ ఏమీ లేదు. తక్కువ వాడితే మంచిది, ఎక్కువయ్యే కొద్దీ దెబ్బ పెరుగుతుంది, 70, 80 శాతానికి వెళ్తే బాగా కనబడుతుంది, అంతే. అలాగే 35, 30, 15, 10, 10 శాతాలంటూ, స్కోరులో ఏ అంశానికి ఎంత బరువో చెప్పే ఒక వాటాల పట్టిక తిరుగుతూ ఉంటుంది. అది అమెరికాలో ఫైకో స్కోరుకు ఆ సంస్థ ప్రకటించిన వాటా. మన సిబిల్ స్కోరుకు దాన్ని అలాగే అంటగట్టి, "బండి లోన్ మూసినందుకు ఇన్ని పాయింట్లు పోయాయి" అని లెక్కలు వేసేవాళ్లను నమ్మకండి. ఏ కారణానికి ఎన్ని పాయింట్లో బయట కూర్చుని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఏ వరుస మారిందో మాత్రం చెప్పవచ్చు.

బండి లోన్ దగ్గరికి వద్దాం. అప్పు తీర్చితే స్కోరు పెరగాలి కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. స్కోరు కొలిచేది మీరు అప్పు లేకుండా ఎంత హాయిగా ఉన్నారన్నది కాదు, రేపు అప్పిస్తే ఎగ్గొట్టే అవకాశం ఎంతన్నది. నెలనెలా ఈఎంఐ సరిగ్గా కడుతున్న అకౌంటు నడుస్తూ ఉండటం దానికి ఒక సాక్ష్యం. మీకు ఉన్న ఒక్క ఈఎంఐ లోన్ అది. అది ముగిసింది కాబట్టి ఇప్పుడు నడుస్తున్నవి కార్డులు మాత్రమే. మూసిన లోన్ చరిత్ర రిపోర్టులోంచి పోదు, ఏళ్ల తరబడి ఉంటుంది, మేలు చేస్తూనే ఉంటుంది. నడుస్తున్న వాటి కూర్పు మారినందుకు కొంచెం తగ్గడం మామూలే. ఇలా తగ్గింది కొన్నాళ్లకు సర్దుకుంటుంది. దీనికోసం కొత్తగా చిన్న లోన్ తీసుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, హోమ్ లోన్ ముందు ఆ పని అస్సలు చేయొద్దు.

అయితే బండి లోన్ విషయంలో చూడాల్సింది వేరే ఉంది. మీరు తీర్చేశారు, బాకీ లేదని కంపెనీ ఎన్‌ఓసీ ఇచ్చింది, బాగుంది. రిపోర్టులో ఆ అకౌంటు దగ్గర 'క్లోజ్డ్ డేట్' పడిందా? కరెంట్ బ్యాలెన్స్ సున్నా అయిందా? కొన్నిసార్లు చివరి ఈఎంఐ కట్టాక ఏదో చార్జి కింద రెండు మూడు వందలు మిగిలిపోతుంది. మనకి లోన్ అయిపోయింది, కంపెనీ సిస్టమ్‌లో అవ్వలేదు. నెల తిరిగేసరికి ఆ రెండు వందలే గడువు మీరిన బాకీగా బ్యూరోకి వెళ్తుంది. ముందుగానే ఒకేసారి కట్టి తీర్చేసినవాళ్లకు ఈ తంటా ఎక్కువ. ఇంకో చిక్కు, తీర్చేటప్పుడు ఏమైనా తగ్గించుకుని ఒప్పందం కుదుర్చుకుంటే స్టేటస్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది. 'క్లోజ్డ్' వేరు, 'సెటిల్డ్' వేరు. రెండోది చూస్తే మా దగ్గర ఫైలు అక్కడే ఆగి ప్రశ్నలు మొదలవుతాయి.

వాడని కార్డు మీద నా రెండో అనుమానం వార్షిక రుసుము. 500 ఫీజు, 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590. మొదటి ఏడాది ఉచితమని ఇచ్చిన కార్డు, మనం మర్చిపోతాం. బిల్లు పాత ఈమెయిల్‌కి వెళ్తుంది. 590కి ఆలస్య రుసుము కలుస్తుంది, వడ్డీ కలుస్తుంది. రిపోర్టులో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ప్రతి అకౌంటు కింద నెలల వారీగా చిన్న చిన్న గడులు ఉంటాయి, వెనక్కి 36 నెలల వరకు. ఒక్కో గడిలో మూడంకెలు. 000 అంటే ఆ నెల గడువు మీరిన బాకీ లేదు. 029 అని ఉంటే 29 రోజులు ఆలస్యం. ఎక్స్ఎక్స్ఎక్స్ అని ఉంటే ఆ నెల వివరాలు బ్యాంకు పంపలేదని, దానికి కంగారు పడక్కర్లేదు. ఎస్‌టీడీ అంటే స్టాండర్డ్, అదీ మంచిదే. ఎస్‌ఎంఏ, ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్ఎస్ఎస్ అని కనబడితే మాత్రం విషయం పెద్దది, అప్పు మొండిబాకీ అవుతోందనో, అయిందనో వాటి అర్థం. ఆ గడులకి బాకీ 590 అయినా 5,90,000 అయినా ఒకటే, అవి రోజులు లెక్కపెడతాయి. అన్నీ 000 ఉన్న మనిషికి ఒక్క గడిలో 029 పడితే 50 పాయింట్లేమిటి, అంతకంటే ఎక్కువే పోవచ్చు. ఎప్పుడూ తప్పని వాళ్లకే మొదటి తప్పు గట్టిగా తగులుతుంది.

ఇక్కడ తెలుసుకోవాల్సిన ఒక నిబంధన ఉంది. క్రెడిట్ కార్డు విషయంలో గడువు దాటి మూడు రోజులు మించితేనే 'పాస్ట్ డ్యూ' అని బ్యూరోకి పంపాలి, ఆలస్య రుసుము కూడా అప్పుడే వేయాలి. ఒకటి రెండు రోజుల ఆలస్యానికి మచ్చ పడకూడదు, పడితే గట్టిగా అడగొచ్చు. అలాగని ఆ మూడు రోజులను అదనపు గడువు అనుకోవద్దు, మూడు దాటాక లెక్క మొదటి గడువు తేదీ నుంచే మొదలవుతుంది. ఈఎంఐ లోన్లకు ఈ మూడు రోజుల వెసులుబాటు లేదు. గడువు రోజు రాత్రి బ్యాంకు సిస్టమ్ లెక్క ముగించేసరికి డబ్బు జమ కాకపోతే ఆ రోజే గడువు మీరినట్టు. ఆటో డెబిట్ రోజున అకౌంటులో వంద తక్కువై బౌన్స్ అయి, మీరు రెండు రోజులకి కట్టేసినా ఆ రెండు రోజుల మధ్యలో 15వ తేదీయో నెలాఖరో వస్తే ఫొటోలో అదే పడుతుంది. "అన్నీ టైముకే కట్టాను" అన్నవాళ్ల స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఇలాంటి బౌన్స్ ఒకటి తరచూ దొరుకుతుంది. మిమ్మల్ని అనుమానించడం కాదు, బండి లోన్ చివరి ఆరు నెలల డెబిట్లు ఒకసారి చూసుకోండి.

మీరు ప్రశ్నలో రాయనివి ఇంకొన్ని ఉన్నాయి, ఒక్కోటీ గుర్తు చేసుకోండి. ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టారా? తోడల్లుడి లోన్‌కో, ఆఫీసులో స్నేహితుడికో? ఆ లోన్ మీ రిపోర్టులోనూ 'గ్యారెంటర్' అని ఉంటుంది. వాళ్లు కట్టకపోతే ఆ మచ్చ మీకూ కనబడుతుంది. మీ ఇంట్లో ఎవరితోనైనా కలిసి జాయింట్ లోన్ ఉన్నా అంతే, సగం కాదు, మొత్తం ఇద్దరి రిపోర్టుల్లోనూ పడుతుంది. మొహమాటానికి పెట్టిన సంతకం మర్చిపోతాం గానీ బ్యూరో మర్చిపోదు.

ఆ లాప్‌టాప్ కొన్నప్పుడు షాపులోనో యాప్‌లోనో "ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి" అన్నదానికి ఓకే కొట్టారా? మనం దాన్ని అప్పు అనుకోం. కానీ 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల ప్రకారం యాప్‌ల ద్వారా ఇచ్చే ఏ అప్పైనా, కాలపరిమితి ఎంత చిన్నదైనా, బ్యూరోలకి పంపాల్సిందే. రిపోర్టులో అది కన్స్యూమర్ లోన్ అనో పర్సనల్ లోన్ అనో కొత్త అకౌంటుగా కనబడుతుంది, దాని పక్కన మీరు ఎన్నడూ వినని ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. యాప్ పేరు ఒకటి, అప్పిచ్చిన కంపెనీ పేరు ఇంకొకటి. ఆ పేరు చూసి మోసం అని హడలిపోయి ఫిర్యాదు పెట్టేసి, తర్వాత అది తామే తీసుకున్న ఆరు వేల పే లేటర్ అని తెలుసుకున్నవాళ్లను చూశాను. ఫిర్యాదుకు ముందు ఈమెయిల్‌లో ఆ కంపెనీ పేరుతో ఒకసారి వెతకండి.

ఎంక్వయిరీల గురించి, అంటే మీ రిపోర్టు ఎవరు తీశారన్న నమోదుల గురించి, ఎక్కువ చెప్పను. మీ స్కోరు మీరు చూసుకుంటే తగ్గదు, రోజూ చూసుకున్నా తగ్గదు. మీరు దరఖాస్తు పెడితే బ్యాంకు తీసే రిపోర్టు మాత్రం నమోదవుతుంది. ఒకటి రెండు వల్ల పెద్దగా ఏమీ కాదు. హోమ్ లోన్ వడ్డీ రేట్లు పోల్చుకుందామని ఏదైనా సైటులో ఫోన్ నంబరు, పాన్ ఇచ్చి 'అర్హత చూడండి' నొక్కారేమో గుర్తు చేసుకోండి. ఒక్క నొక్కుతో నాలుగైదు సంస్థలు రిపోర్టు తీసిన సందర్భాలున్నాయి. రిపోర్టు చివర ఎంక్వయిరీల పట్టికలో సంస్థ పేరు, తేదీ, ఎంత మొత్తానికి అన్నది ఉంటాయి. మీకు సంబంధం లేని పేరు అక్కడ ఉంటే, తేలిగ్గా తీసుకోవద్దు. మీ పాన్‌తో ఇంకెవరో అప్పుకు ప్రయత్నిస్తున్నారనడానికి మొదట కనబడే గుర్తు అదే.

ఇప్పుడు పని. కొత్త రిపోర్టు పూర్తిగా డౌన్‌లోడ్ చేయండి. ప్రతి బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇది నిబంధన. పోయిన నెల రిపోర్టు మీ దగ్గర ఉంటే రెండూ పక్కపక్కన పెట్టండి. స్కోరు వైపు చూడకండి. మొదట అకౌంట్ల సంఖ్య ఒకటేనా? పెరిగితే కొత్తది ఏది, తగ్గితే ఏది పోయింది? తర్వాత ప్రతి అకౌంటు దగ్గర వివరాలు పంపిన తేదీ చూడండి. ఏ అకౌంటు తేదీ మారలేదో అది ఈ మార్పుకు కారణం కాదు, దాన్ని వదిలేయవచ్చు. తేదీ మారిన వాటిలో బ్యాలెన్సు, లిమిట్, స్టేటస్, కొత్తగా చేరిన గడి, ఈ నాలుగే చూడండి. మీకున్న మూడు అకౌంట్లకు పావుగంట పని. పాత రిపోర్టు లేకపోతే స్టేట్‌మెంట్లతో పోల్చుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి.

వ్యక్తిగత వివరాల పేజీని చాలామంది దాటేస్తారు, దాటకండి. పాన్, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్లు, చిరునామాలు అక్కడుంటాయి. మీరు ఎప్పుడూ ఉండని ఊరి చిరునామా, మీది కాని నంబరు ఉంటే మీ పేరున్న వేరే మనిషి ఫైలు మీదాంట్లో కలిసిపోయి ఉండొచ్చు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్లు మనలో కొల్లలు. ఫోన్ నంబరు, ఈమెయిల్ సరిగ్గా ఉండటానికి ఇంకో లాభం ఉంది. ఎవరైనా మీ రిపోర్టు తీసినప్పుడు బ్యూరో, గడువు మీరిన బాకీ వివరాలు బ్యూరోకి పంపేటప్పుడు బ్యాంకు, మీకు ఎస్ఎంఎస్ గానీ మెయిల్ గానీ పంపాలని 2023 అక్టోబర్‌లో ఆర్‌బీఐ చెప్పింది. పాత నంబరుంటే ఆ కబురు ఎవరికో పోతుంది.

తప్పు దొరికితే రెండు చోట్లా రాయండి, బ్యూరోకీ, ఆ బ్యాంకుకీ. బ్యూరో తనంతట తాను ఒక్క అంకె కూడా మార్చదు. బ్యాంకును అడిగి, అది ఒప్పుకుంటేనే దిద్దుతుంది. కాబట్టి అసలు పని బ్యాంకు దగ్గరే అవుతుంది. "నా స్కోరు తగ్గింది, సరిచేయండి" అని రాస్తే పనికిరాదు. రిపోర్టు మీద ఉన్న కంట్రోల్ నంబరు, అకౌంటు, ఏ గడిలో ఏముంది, ఏముండాలి, ఋజువుగా ఏ కాగితం జత చేశారు, ఇవి రాయాలి. ఉదాహరణకు: "ఫలానా నెల గడిలో 029 ఉంది. ఆ నెల బిల్లు గడువు 2వ తేదీ, నేను 1వ తేదీన కట్టాను, స్టేట్‌మెంట్ జత చేశాను, 000గా దిద్దండి." ఇలా రాస్తే చదివేవాడికి తప్పించుకోవడానికి దారి ఉండదు.

ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో తేల్చాలి. అందులో దిద్దిన వివరాలు బ్యూరోకి పంపడానికి బ్యాంకుకు 21 రోజులు. 30 దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. ఆలస్యం ఎవరిదైతే వాళ్లు కట్టాలి. ఈ వంద రూపాయలతో మనకు ఒరిగేది తక్కువే గానీ, మెయిల్‌లో ఆ నిబంధన ప్రస్తావిస్తే ఫైలు కదులుతుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. వాడని కార్డు వద్దనుకుని బాకీ లేకుండా మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే రోజుకు 500 ఇవ్వాలన్నది కూడా ఉంది. కానీ మీరు ఇప్పుడు ఆ కార్డు మూయించకండి, కారణం పైన చెప్పాను.

"ఐదు వేలివ్వండి, స్కోరు 800 చేస్తాం" అనే ఏజెంట్లు మీ నంబరుకు ఈపాటికే మెసేజ్ పెట్టి ఉంటారు. నిజమైన వివరాన్ని ఎవరూ తీయించలేరు, తప్పుడు వివరాన్ని మీరే ఉచితంగా తీయించుకోవచ్చు. పైగా వాళ్లకు పాన్, ఓటీపీలు ఇచ్చి కొత్త తలనొప్పి తెచ్చుకుంటారు.

ఇక హోమ్ లోన్. 738తో లోన్ రాదని కాదు. చాలా బ్యాంకుల్లో వడ్డీ రేటు స్కోరు శ్లాబులను బట్టి ఉంటుంది, 750 దగ్గర ఒక మెట్టు ఉండటం మామూలు. ఇరవై ఏళ్ల లోన్‌లో పావు శాతం తేడా కూడా చిన్నది కాదు కాబట్టి మీ టెన్షన్‌కి అర్థముంది. నాలుగు నెలల టైముంది, అది సరిపోతుంది. కారణం కార్డు వాడకమే అయితే మీరు చేయాల్సింది ఒక్కటే. వచ్చే మూడు నెలలు కార్డు బిల్లును గడువు దాకా ఆగకుండా స్టేట్‌మెంట్ రాకముందే చాలావరకు కట్టేస్తూ ఉండండి, లేదా పెద్ద ఖర్చులు డెబిట్ కార్డుకి మార్చండి. రెండు మూడు ఫొటోల్లో తక్కువ బాకీ కనబడితే పోయినదాంట్లో చాలావరకు తిరిగి వస్తుంది. కారణం 590 లాంటి బాకీ అయితే ఇవాళే కట్టేయండి. ఆ గడి మాత్రం ఉండిపోతుంది, నెలలు గడిచే కొద్దీ దాని బరువు తగ్గుతుంది. దరఖాస్తుతో పాటు దాని గురించి రెండు వాక్యాల వివరణ, కట్టిన రసీదు జత చేయండి. ఫైలు చూసేవాళ్లు స్కోరు ఒక్కటే చూసి ముడిచేయరు, 590 మర్చిపోయినవాడికీ ఎగ్గొట్టేవాడికీ తేడా వాళ్లకు తెలుస్తుంది. కారణం మూసిన బండి లోన్ ఒక్కటే అయితే ఏమీ చేయొద్దు. కొత్త కార్డు, కొత్త లోన్, పే లేటర్, ఏదీ ఈ నాలుగు నెలలూ ముట్టుకోకండి, పాత కార్డు మూయించకండి.

రిపోర్టు తెరిచాక మూడు అకౌంట్లకూ వివరాలు పంపిన తేదీ, బ్యాలెన్సు, లిమిట్, చివరి ఆరు గడులు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. స్క్రీన్‌షాట్ పెట్టేట్టయితే పేరు, పాన్, అకౌంటు నంబర్లు, కంట్రోల్ నంబరు కనబడకుండా కొట్టేసి పెట్టండి.